లాక్రాస్ స్టిక్ కట్టడం నుంచి జట్టును దిద్దడం దాకా: నా అనుభవం

లాక్రాస్ అంటే కొసన జాలి (వల) ఉన్న కర్రతో, అంటే స్టిక్‌తో, బంతిని పట్టి, విసిరి గోల్ కొట్టే ఆట. అది నేర్పేవాడి మొదటి పని మైదానంలో ఉండదు, ఒళ్లో ఉంటుంది. మార్చిలో, గడ్డి మీద ఇంకా మంచు ఉండగానే, పిల్లల స్టిక్కులన్నీ తెప్పించుకుని ఒక్కొక్కటే ఒళ్లో పెట్టుకుని జాలి చూస్తాను. పద్దెనిమిది మంది ఉన్న జట్టులో పది స్టిక్కుల జాలి విప్పి మళ్లీ కట్టాల్సే వస్తుంది. జాలి బాగోలేని స్టిక్‌తో వందసార్లు విసిరినవాడికి వందసార్లూ తప్పే అలవాటవుతుంది. ఆ అలవాటు మాన్పించడానికి ఒక సీజన్ పడుతుంది. జాలి కట్టడానికి నలభై నిమిషాలు చాలు.

నేను ఈ ఆట నేర్చుకున్నది న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరపు కొసన, సెయింట్ లారెన్స్ నది ఒడ్డున. మోహాక్‌ల అక్వెసాస్నే ఇక్కడే. కొంత న్యూయార్క్‌లో, కొంత అంటారియోలో, కొంత క్విబెక్‌లో పరుచుకుని ఉండే ప్రాంతం అది. మోహాక్‌లు తమను తాము చకుముకిరాయి ప్రజలమని చెప్పుకుంటారు. పొడుగింటి జనం అని అర్థం వచ్చే హోడెనొషోనీ కూటమిలోని ఆరు జాతుల్లో వాళ్లదొకటి. ఈ చుట్టుపక్కల నేను చూసిన కోచ్‌లు ఒకప్పుడు పోటీల్లో ఆడినవాళ్లు, ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకు నేర్పుతూ, వాళ్ల మార్కుల కాగితాలు కూడా అడిగి చూసేవాళ్లు. ఆడడం, నేర్పడం, చదివించడం వాళ్ల దృష్టిలో వేర్వేరు పనులు కావు. నేను వాళ్ల దగ్గర నేర్చుకుని పదేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా ఉన్న అబ్బాయిలకు నేర్పుతున్నాను. న్యూజెర్సీ, మేరీలాండ్, మసాచుసెట్స్ లాంటి చోట్ల తెలుగు పిల్లలు బడి జట్లలో చేరుతున్నారు కాబట్టి, పని ఎలా చేయాలో ఉన్నదున్నట్టు చెబుతాను.

ముందు జాలి. కొత్తగా కొన్న స్టిక్‌కి కంపెనీవాళ్లు కట్టి ఇచ్చే జాలి రెండు రకాలుగా చెడ్డది. బల్లలా బిగిసిపోయి బంతి నిలవనిది ఒకటి, గోనెసంచిలా జారిపోయి బంతిని వదలనిది ఇంకొకటి. విప్పేసి మనమే కట్టుకోవడం మేలు. కావలసినవి ఇవి: పది గళ్ల మెష్ (అల్లిన వల ముక్క) ఒకటి, పై అంచుకు ఒక తాడు, పక్కలకు రెండు, అడుగుకు ఒకటి, అడ్డంగా వేసే మందపాటి తాళ్లు (షూటింగ్ స్ట్రింగ్స్) రెండు. పక్క తాడు ఒక్కోటి మూడు నాలుగు అడుగులు ఉండాలి. నైలాన్ తాడు చివర్లను లైటర్‌తో కాల్చి మొన తేల్చుకుంటే గళ్లలోంచి సులువుగా దూరుతుంది, పీచు లేవదు.

మెష్ పై వరసను మడిచి, రెండు వరసల గళ్లు ఒకదాని మీద ఒకటి పడేలా పట్టుకుని, హెడ్ (కర్ర కొసన జాలి కట్టే ప్లాస్టిక్ చట్రం) పై అంచుకు తాడుతో కట్టాలి. ఇక్కడ ముడి వదులైతే బంతి బయటికి వెళ్లేటప్పుడు పై అంచు దగ్గర తట్టుకుంటుంది. పిల్లవాడు తన చెయ్యి తప్పు అనుకుంటాడు, తప్పు ముడిది. పై అంచు అయ్యాక మెష్‌ను కిందికి గట్టిగా లాగి చూడండి. మధ్యలో ముడతలు లేకుండా సమంగా రావాలి.

అసలు పనితనం పక్క తాళ్లలో ఉంది. హెడ్ పక్కగోడకు పై నుంచి కింది దాకా రంధ్రాలుంటాయి. ఏ రంధ్రం దగ్గర మెష్‌లోని ఏ గడిని పట్టుకుని ముడి వేస్తామో దాన్ని బట్టే బంతి ఎక్కడ కూర్చుంటుందో తేలుతుంది. దగ్గర దగ్గర రంధ్రాల్లో ఎక్కువ గళ్లు పట్టుకుంటే అక్కడ మెష్ పోగుపడి లోతు వస్తుంది. రంధ్రాలు వదిలేసి దూరంగా ముడి వేస్తే మెష్ సాగి బల్లపరుపుగా ఉంటుంది. కొత్తవాళ్లకు లోతు హెడ్ నడిమికి రావాలి. మరీ పైన ఉంటే పరిగెత్తుతుంటే బంతి జారుతుంది, మరీ కింద ఉంటే విసిరేటప్పుడు ఆలస్యంగా బయటికి వస్తుంది. ఎడమ పక్క ఏ గడికి ఏ రంధ్రమో కాగితం మీద రాసుకుని, కుడి పక్క అచ్చం అలాగే వెయ్యాలి. ఒక్క గడి తేడా వచ్చినా బంతి ప్రతిసారీ ఒకే వైపు వంకర పోతుంది. నేను విప్పి చూసిన చెడ్డ జాలుల్లో సగానికి పైగా ఇదే లోపం.

అడుగు తాడును గట్టి ముడితో బిగించేయకండి. లోతు పెంచడానికీ తగ్గించడానికీ ఉన్న తాళంచెవి అదే. విప్పడానికి వీలైన ముడి వేసి, రెండు మూడు అంగుళాల తాడు మిగిల్చి ఉంచాలి. చివరికి షూటింగ్ స్ట్రింగ్స్. జాలి పైభాగంలో అడ్డంగా వేసే ఈ మందపాటి తాళ్లు బంతి ఎప్పుడు వదలాలో నిర్ణయిస్తాయి. పై అంచు నుంచి నాలుగు అంగుళాల లోపలే ఉంచితే కాలేజీ నిబంధనకు కూడా సరిపోతుంది. పదేళ్ల పిల్లలకు రెండు అడ్డ తాళ్లు చాలు. మూడోది వేస్తే బంతి నేలకేసి కొట్టుకోవడం మొదలవుతుంది.

లోతు చూసే పద్ధతి సులువు. స్టిక్‌ను కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని జాలిలో బంతి పెట్టాలి. బంతి పైభాగం పక్కగోడ కింది అంచు కన్నా దిగిపోయి, మధ్యలో సందు కనిపిస్తే ఆ స్టిక్ చెల్లదు. రిఫరీ పట్టుకుంటే పెనాల్టీ. తర్వాత స్టిక్‌ను బోర్లించి చూడాలి, బంతి తనంతట తానే పడిపోవాలి. కొత్త మెష్ మొదట్లో గట్టిగా ఉంటుంది కాబట్టి బంతిని పిడికిలితో లోపలికి నొక్కుతూ పావుగంట, ఆ తర్వాత రాత్రంతా లోపల బంతి బిగించి ఉంచితే ఆకారం పడుతుంది. అప్పటికీ గోడకు ఒక మూడొందల సార్లు విసిరాకే అది నమ్మదగిన జాలి అవుతుంది. అందుకే మ్యాచ్ ముందురోజు కొత్త జాలి కట్టనివ్వను.

విసిరినప్పుడు బంతి ఎటు పోతోందో చూస్తే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. బంతి కాళ్ల ముందు నేలను కొడుతుంటే షూటింగ్ స్ట్రింగ్స్ మరీ బిగువు, లేదా జాలి మరీ లోతు. పై తాడును ఒక వేలు పట్టేంత వదులు చేసి చూడండి. బంతి తలల మీదుగా పోతుంటే అడుగు తాడు బిగుసుకుపోయి జాలి బల్లలా అయిందన్నమాట. దాన్ని కొద్దిగా వదలాలి. వానలో ఆడాక మెత్తటి మెష్ సాగి సంచిలా వేలాడుతుంది. లోపల పాత వార్తాపత్రిక ఉండ చుట్టి పెట్టి నీడలో ఆరబెట్టాలి, అడుగు తాడు ఒక గడి పైకి ఎక్కించాలి. ఎండాకాలం కారు డిక్కీలో స్టిక్ వదిలేస్తే ప్లాస్టిక్ హెడ్ వంకరపోతుంది, దానికి మందు లేదు.

ప్లాస్టిక్ హెడ్‌లు 1970 నుంచి వచ్చినవి. అంతకుముందు కర్ర అంటే హికరీ కర్రే. అక్వెసాస్నేలో, కార్న్‌వాల్ దీవి మీద ఉన్న కర్రల ఫ్యాక్టరీ నుంచే అప్పట్లో ప్రపంచానికి కావలసిన లాక్రాస్ కర్రల్లో చాలా భాగం వెళ్లేది. అది 1968లో కాలిపోయింది. ఆ కొరతలోనే ప్లాస్టిక్ దారి వెతుక్కుంది. చేతితో కర్ర చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల పని ఒకసారైనా దగ్గరుండి చూడాలి. హికరీ దుంగను రంపంతో కొయ్యరు, చీలలు కొట్టి నిలువుగా చీలుస్తారు. రంపం కోత పీచును అడ్డంగా తెంచేస్తుంది, అక్కడే కర్ర విరుగుతుంది. చీల్చిన బద్దను రెండు చేతుల కత్తితో చెక్కి, ఆవిరి పట్టి, కొస వంచి, తీగతో కట్టి నెలల తరబడి ఆరనిస్తారు. ఆరాక మళ్లీ చెక్కడం, రంధ్రాలు వెయ్యడం, తోలు పట్టీలు, పచ్చితోలు అల్లడం. దుంగ నుంచి ఆటకు పనికొచ్చే కర్ర రావడానికి ఏడాది దాకా పడుతుంది.

ఆ కర్రకు చెక్క గోడ ఒక పక్కే ఉంటుంది. రెండో పక్క తోలు అల్లికే గోడ. అంటే కుడిచేతి కర్ర వేరు, ఎడమచేతి కర్ర వేరు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, అమెరికన్ కోచ్‌లు రెండు చేతులతోనూ సమానంగా ఆడమని పిల్లల వెంటపడతారు. మోహాక్ కోచ్‌లు మాత్రం ముందు ఒక చెయ్యి నూటికి నూరుపాళ్లు సాధించమంటారు. బాక్స్ ఆటలో (చెక్క గోడల మధ్య ఇరుకులో ఆడే పద్ధతి ఇది) ఎడమచేతివాడు కుడి పక్క ఆడతాడు, కర్ర ఎప్పుడూ గోల్ నడిమి వైపు ఉంటుంది. నా అభిప్రాయం ఏమిటంటే, పన్నెండేళ్ల దాకా మంచి చెయ్యికి రెండు వంతులు, రెండో చెయ్యికి ఒక వంతు సమయం ఇవ్వాలి. సగం సగం పంచితే రెండూ అరకొరగానే మిగులుతాయి.

జాలి తర్వాత గోడ. ఇటుక గోడ, కిటికీలు లేనిది, నాలుగైదు గజాల దూరం. బంతి గట్టి రబ్బరుది, 142 నుంచి 149 గ్రాములు. క్రికెట్ బంతి కన్నా కొంచెం తేలిక, చుట్టుకొలత కూడా తక్కువ, కానీ గోడను తాకి తిరిగి వచ్చే వేగం చాలా ఎక్కువ. హెల్మెట్, గ్లవ్స్ లేకుండా గోడ దగ్గరికి రానివ్వను. రోజువారీ లెక్క: మంచి చేత్తో యాభై, రెండో చేత్తో ఇరవై అయిదు, పట్టగానే ఊపకుండా వదిలేవి ఇరవై అయిదు, కర్రను ముఖానికి అడ్డంగా అవతలి భుజం వైపు తిప్పి పట్టేవి ఇరవై. పావుగంట పని. వారానికి ఐదు రోజులు చేసినవాడు ఆరు వారాల్లో జట్టులో మిగతావాళ్ల నుంచి విడిగా కనిపిస్తాడు.

ఇక్కడ జరిగే తప్పులు ఎప్పుడూ ఒకటే. రెండు చేతులూ దగ్గర దగ్గరగా పట్టుకుని పొయ్యిలో కట్టె తోసినట్టు బంతిని తోస్తారు. పై చెయ్యి కర్ర మధ్యకు జరగాలి, కింది చెయ్యి చివర ఉండాలి, విసిరేటప్పుడు పై చెయ్యి నెట్టాలి, కింది చెయ్యి లాగాలి, ఆ రెండూ ఒక్కసారే జరగాలి. మోచేయి పక్కటెముకలకు అతుక్కుని ఉంటే బంతికి బలం రాదు. క్రికెట్ ఆడిన పిల్లలకు నేను చెప్పే మాట, బౌండరీ దగ్గర నుంచి కీపర్‌కి విసిరినట్టు పక్కకు తిరిగి నిలబడమని. భుజం, నడుము అవే సర్దుకుంటాయి. పట్టడం కూడా క్యాచ్ లాంటిదే. బంతి తాకే క్షణాన కర్రను చెవి వెనక్కి లాక్కోవాలి. బంతికి ఎదురెళ్లి కర్రతో కొడితే టప్పుమని బయటికి దూకుతుంది. క్రికెట్ పిల్లల అసలు బలహీనత ఇంకొకటుంది. బ్యాట్ అలవాటు వల్ల కర్రను నడుము ఎత్తులో అడ్డంగా ఊపుతూ విసురుతారు. దాన్ని మొదటి వారంలోనే ఆపాలి.

నేల మీద బంతి తీయడానికి మ్యాచ్‌లో ఎంత ప్రాముఖ్యం ఉందో కొత్తవాళ్లకు అర్థం కాదు. బంతి పక్కన కాలు వెయ్యాలి, నడుము కాక మోకాళ్లు వంచాలి, కర్ర వెనక కొసను పిడికిలి నేలకు రాసుకునేంత కిందికి దించాలి, ఆగకుండా బంతి మీదుగా పరిగెత్తాలి. కర్ర వెనక కొస పైకి లేచి ఉంటే హెడ్ బంతిని ముందుకు తోస్తుంది, పిల్లవాడు దాని వెనకే నాలుగు గజాలు వెంటాడతాడు. బంతి మీద కర్ర బోర్లించి వెనక్కి గీరడం ఇంకో తప్పు, ఆ అర క్షణంలోనే ఎదుటివాడు భుజం పెడతాడు. పాత బంతులు వాడకండి. రబ్బరు నునుపెక్కి జిడ్డు తేలిన బంతి జాలిలో నిలవదు, పిల్లలు దాన్ని తమ తప్పు అనుకుంటారు. సీజన్‌కు మూడు డజన్ల కొత్త బంతులు కొనడం దుబారా కాదు.

బాక్స్ గురించి ఎంత చెప్పినా నాకు తృప్తి ఉండదు, ఎందుకంటే మోహాక్ ఆటగాడి చెయ్యి తయారయ్యేది అక్కడే. 1930ల్లో కెనడాలో, వేసవిలో మంచు తీసేసిన హాకీ రింకుల్లో ఈ పద్ధతి మొదలైంది. జట్టుకు అయిదుగురు, ఒక గోలీ (గోల్ కాపలాదారు). చుట్టూ చెక్క గోడలు. బంతి దొరికాక ముప్పై సెకన్లలో షాట్ కొట్టాలి. మైదానంలో గోల్ ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. బాక్స్‌లో ఎత్తు నాలుగడుగులే, పైగా పరుపులు కట్టుకున్నట్టు ఉండే గోలీ దాన్ని దాదాపు కప్పేస్తాడు. మిగిలేవి జానెడు మూలలు. అందుకని అక్కడ పెరిగిన పిల్లవాడికి బలంగా కొట్టడం కన్నా గోలీని కదిలించడం ముందు వస్తుంది. ఒకసారి కొట్టినట్టు ఊపి, గోలీ భుజం వాలగానే రెండో మూలకు పెడతాడు.

నా ప్రాక్టీసు తొంభై నిమిషాల్లో నలభై నిమిషాలు ఇలాంటి ఇరుకు ఆటకే ఇస్తాను. ఇరవై అయిదు గజాల చదరం, రెండు చిన్న గోల్‌లు, ముగ్గురికి ముగ్గురు, ముప్పై సెకన్ల గడియారం. బంతి లేని ఇద్దరిలో ఒకడు తప్పనిసరిగా బంతి ఉన్నవాడి కోసం అడ్డు నిలబడాలి, నిలబడి గోల్ వైపు దొర్లి వెళ్లాలి. అడ్డు నిలబడ్డాక శరీరం ఎటు తిప్పాలన్నది తరచూ తప్పుతుంది. వెన్ను డిఫెండర్‌కి, కర్ర బంతి వైపు ఉండాలి. ముఖం డిఫెండర్ వైపు తిప్పితే పాస్ కనిపించదు. ఈ ఒక్క సంగతి కుదరడానికి మూడు వారాలు పడుతుంది, కుదిరాక మాత్రం గోల్‌లు వాటంతట అవే వస్తాయి.

బాక్స్ నుంచి మైదానానికి వచ్చినప్పుడు ఏం చెడుతుందో కూడా చెప్పాలి. బాక్స్‌లో రెండు చేతుల మధ్య కర్రతో ఎదుటివాణ్ణి నెట్టడం ఆటలో భాగం, మైదానంలో అది ఫౌల్. బాక్స్‌లో అడ్డు నిలబడేవాడు కొంచెం కదిలినా చెల్లుతుంది, మైదానంలో కదిలితే బంతి ఎదుటి జట్టుకే. మైదానంలో పదిమంది. అందులో ముగ్గురు ఎప్పుడూ ఎదుటి సగంలో, నలుగురు మన సగంలో ఉండి తీరాలి. బాక్స్ పిల్లలు దీన్ని మరిచి గీత దాటేస్తారు. పొట్టి కర్ర 40 నుంచి 42 అంగుళాలు, డిఫెండర్ల పొడుగు కర్ర 52 నుంచి 72 అంగుళాలు. బాక్స్‌లో పొడుగు కర్రను ఎన్నడూ ఎదుర్కోని పిల్లవాడు మొదటి మ్యాచ్‌లోనే బంతి పోగొట్టుకుంటాడు. కాబట్టి మార్చిలో రెండు వారాలు ఈ నాలుగింటికే కేటాయించాలి. గోలీల సంగతి మరీ కష్టం. బాక్స్‌లో శరీరంతో ఆపేవాడు మైదానంలో పెద్ద జాలి కర్రతో ఆపాలి. ఇద్దరినీ ఒకేలా తయారుచేయబోతే రెండూ చెడతాయి.

ఛాతీ రక్షణ విషయంలో రాజీ వద్దు. బంతి గుండె మీద ఒక ప్రత్యేక క్షణంలో తగిలితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. అందుకే హైస్కూలు అబ్బాయిల ఆటలో గోలీలకు 2021 నుంచి, మిగతా ఆటగాళ్లకు 2022 నుంచి, ఎన్.డి.200 ప్రమాణం ముద్ర ఉన్న ఛాతీ కవచం తప్పనిసరి చేశారు. అన్నయ్య వాడిన పాత షోల్డర్ ప్యాడ్స్ తమ్ముడికి ఇచ్చే తల్లిదండ్రులు ముందు లోపలి ముద్ర చూడాలి. గుండెకు షాక్ ఇచ్చే ఏ.ఇ.డి. పెట్టె ఎక్కడుందో, దాని గది తాళం ఎవరి దగ్గరుందో కోచ్ ప్రతి ప్రాక్టీసుకు ముందు చూసుకోవాలి. కోచింగ్ కోర్సు, నేపథ్య తనిఖీ, తలదెబ్బల శిక్షణ అన్నీ ఆన్‌లైన్లో ఒక వారాంతంలో అయిపోతాయి. వాటి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు.

నది అవతల ఆడాల్సి వస్తే ఇంకో తయారీ ఉంది. కార్న్‌వాల్ వెళ్లడానికి వంతెన దాటితే చాలు, కానీ అది కెనడా. మోహాక్ పిల్లలు తెగ గుర్తింపు కార్డుతో దాటతారు. అమెరికా పౌరులైన పిల్లలకు పాస్‌పోర్టు (పదహారేళ్ల లోపు వాళ్లకు జనన ధ్రువపత్రమైనా చాలు), తల్లిదండ్రులు ఇద్దరూ వెంట లేకపోతే సంతకం పెట్టిన అనుమతి పత్రం ఉండాలి. హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్న భారత పౌరులైన పిల్లలకైతే కెనడా సందర్శక వీసా కావాలి. జూన్ టోర్నమెంట్ కోసం మే నెలలో దరఖాస్తు పెడితే చేతికి రాదు. శీతకాలంలోనే పెట్టుకోవాలి.

జట్టు మొదటి వారంలో ఒక సాయంత్రం బంతి ముట్టుకోకుండా గడుపుతాం. ఈ ఆట ఎవరిదో తెలియకుండా ఆడటం నాకు మనసొప్పదు. హోడెనొషోనీలకు ఇది సృష్టికర్త కోసం ఆడే ఆట, వైద్యం కూడా. జబ్బుపడ్డ మనిషి కోసం ఊరు ఊరంతా ఆడతారు, అక్కడ గోల్‌ల లెక్క ముఖ్యం కాదు. మగబిడ్డ పుడితే చిన్న కర్ర పెడతారు, పోయినవారి పక్కన కర్ర ఉంచుతారు. చాలా కుటుంబాల్లో చెక్క కర్రను ఆడవాళ్లు తాకకూడదన్న ఆచారం ఉంది. అమ్మాయిలు కూడా కూర్చున్న చోట చెక్క కర్రను చేతులు మార్చి చూపించేముందు దాని యజమానిని అడగాలి. కొత్త కోచ్‌లు ఇక్కడే తెలియక నొప్పిస్తారు.

తర్వాత నాలుగు తేదీలు బోర్డు మీద రాస్తాను. 1867: మాంట్రియల్ దంతవైద్యుడు విలియం జార్జ్ బీర్స్ నిబంధనలు రాసి దీన్ని క్లబ్బుల ఆటగా మార్చాడు. 1880: ప్రయాణ ఖర్చులకు డబ్బు తీసుకున్నారు కాబట్టి వీళ్లు వృత్తి ఆటగాళ్లన్న సాకుతో, ఆట కనిపెట్టినవాళ్లనే కెనడా జాతీయ పోటీల నుంచి బయట పెట్టారు. 1904: సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో మోహాక్ జట్టు కాంస్యం గెలిచింది. 2010: హోడెనొషోనీ జట్టు తమ సొంత పాస్‌పోర్టులతో మాంచెస్టర్ ప్రపంచ పోటీలకు బయల్దేరితే బ్రిటన్ వీసా ఇవ్వలేదు. వేరే దేశపు పాస్‌పోర్టు మీద వెళ్లే దారి ఉన్నా వాళ్లు వెళ్లలేదు, పోటీయే వదులుకున్నారు. పిల్లలు ఎక్కువ ప్రశ్నలు అడిగేది ఈ చివరిదాని మీదే.

తెలుగు పిల్లలుంటే రెండు సంగతులు కలుపుతాను. కెనడా జూనియర్ బాక్స్ పోటీల ట్రోఫీ పేరు మింటో కప్. గవర్నర్ జనరల్‌గా ఉండగా 1901లో దాన్ని ఇచ్చిన లార్డ్ మింటో, మన చరిత్ర పుస్తకాల్లో 1909 మింటో-మార్లే సంస్కరణల్లో వచ్చే వైస్రాయే. ఇక 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లోకి క్రికెట్‌తో పాటు లాక్రాస్‌ను చేర్చిన ఓటింగు జరిగింది 2023 అక్టోబరులో ముంబైలో. అక్కడ ఆడేది సిక్సెస్ అనే పొట్టి పద్ధతి. గోలీతో కలిపి ఆరుగురు, ఎనిమిది నిమిషాల క్వార్టర్లు నాలుగు, ముప్పై సెకన్ల గడియారం, గోలీకి తప్ప అందరికీ పొట్టి కర్రలే. బాక్స్‌కి దగ్గరి చుట్టం. హోడెనొషోనీ జట్టుకు అందులో సొంత జెండా కింద చోటివ్వాలన్నది నా గట్టి అభిప్రాయం. దేశాల ఒలింపిక్ కమిటీలకే ప్రవేశం అన్న నిబంధన అడ్డొస్తోంది. 2022లో అమెరికాలోని అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో జరిగిన వరల్డ్ గేమ్స్‌లో వాళ్లకు చోటు దక్కడానికి ఐర్లాండ్ జట్టు తన స్థానాన్నే వదిలేసింది.

పోటీ, కోచింగ్ ఒకే బతుకులో ఎలా కలుస్తాయో చూపడానికి నేను చెప్పే పేరు రాస్ పౌలెస్. అంటారియోలో గ్రాండ్ నది ఒడ్డున ఉన్న సిక్స్ నేషన్స్ అనే హోడెనొషోనీ ప్రాంతానికి చెందిన మోహాక్. పీటర్‌బరో జట్టుతో 1951 నుంచి 1954 దాకా వరసగా నాలుగేళ్లు సీనియర్ల మాన్ కప్ గెలిచారు, తర్వాత కోచ్ అయ్యారు. ఆయన కొడుకు గేలార్డ్ ఓషావా జట్టుతో 1964 నుంచి 1967 దాకా నాలుగు మింటో కప్‌లు గెలిచాడు. తండ్రీ కొడుకుల కాలాల మధ్య నిబంధనలు కొంత మారాయి, ఇరుకులో చేతులు పనిచేసే తీరు మాత్రం మారలేదు.

పెద్ద పిల్లలతో కాలేజీ మాట తొమ్మిదో తరగతిలోనే మొదలుపెట్టాలి. పదకొండులో మొదలుపెడితే మార్కులు దిద్దుకునే సమయం ఉండదు. అమెరికా కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఆడాలంటే గుర్తింపు పొందిన పదహారు ప్రధాన కోర్సులు, వాటిలో నాలుగుకు కనీసం 2.3 సగటు (జీపీఏ) కావాలి. ఆ పదహారులో పది పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. చాలామంది జారిపడేది ఇక్కడే. పదో తరగతిలో లెక్కలు తప్పినవాడు వేసవిలో అవి పూర్తి చేయాల్సింది పోయి బాక్స్ టోర్నమెంట్లకు తిరుగుతాడు. అందుకని మే నుంచి ఆగస్టు దాకా ఆట తేదీలు, చదువు తేదీలు ఒకే క్యాలెండర్ మీద రాయించి ఇంట్లో గోడకు పెట్టిస్తాను. కాలేజీ కోచ్‌లు పిల్లవాడితో నేరుగా మాట్లాడగలిగేది పదకొండో తరగతి సెప్టెంబరు 1 నుంచే. అంతకుముందే మీ వాడికి సీటు ఖాయం చేయిస్తానని డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి.

స్కాలర్‌షిప్ అంటే పూర్తి ఫీజు అనుకునే తల్లిదండ్రులకు లెక్క చూపించాలి. 2025 దాకా డివిజన్ వన్ పురుషుల జట్టు మొత్తానికి 12.6 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, నలభై మందికి పైగా ఆటగాళ్లు వాటిని ముక్కలుగా పంచుకునేవాళ్లు. ఆ తర్వాత పెద్ద కాలేజీల్లో స్కాలర్‌షిప్‌ల సంఖ్య మీద కాక జట్టులో ఎంతమంది ఉండాలన్నదాని మీద పరిమితి పెట్టారు. డివిజన్ త్రీలో ఆట పేరుతో ఏమీ రాదు, మార్కుల మీదో, కుటుంబ ఆదాయం చూసో వచ్చే సహాయమే. మంచి మార్కులున్న మధ్యరకం ఆటగాడికి అదే ఎక్కువ లాభం, అది కూడా కాగితం మీద కూడి చూపించాలి.

ఆగస్టు చివర బాక్స్ అయిపోయాక ఒక శనివారం అందరూ స్టిక్కులు తెస్తారు. అడుగు తాళ్లు వదులు చేసి, జాలిని గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, లోపల కాగితం ఉండలు పెట్టి ఆరబెడతాం. హెడ్‌ను షాఫ్ట్‌కి (పిడికి) పట్టి ఉంచే మర తుప్పు పట్టిందేమో చూసి, పడితే అప్పుడే మారుస్తాం. చెక్క కర్రకు నూనె పలచగా పట్టించి, తోలు పట్టీలు వదులు చేసి, హీటర్‌కు దూరంగా చల్లటి గదిలో అడ్డంగా పెట్టాలి. ఇక్కడి చలికాలం హీటర్ గాలి చెమ్మంతా లాగేస్తుంది, వంపు దగ్గర హికరీ వెంట్రుక వాసి పగులుతుంది. ఆ పగులు కంటికి కనపడదు, వేలిగోరు అడ్డంగా పెట్టి లాగితే తగులుతుంది. తగిలిన కర్రను మ్యాచ్‌లోకి తీసుకెళ్లనివ్వను, గోడ దగ్గరికి మాత్రమే.